ఆయన కథకి ఎర్ర కారు

జూలై 3, గురువారం

ఆయనకి కారు కావాలట.

పొద్దున ఉప్మా ముందు కూర్చుని చెప్పారు. కొంచెం పాతదైనా ఫరవాలేదట. చవగ్గా రావాలి, కానీ పరిగెత్తాలి. వారమంతా ఆఫీసుకు తీసుకెళ్ళాలి, ఆదివారం రేసు ట్రాకు మీద తిరగాలి. అన్నీ ఒకే కారు చెయ్యాలి. పెళ్ళిచూపులప్పుడు మా అత్తగారు నా గురించి కూడా ఇలాగే అడిగారు.

"ఆఫీసు మన సందు చివర నుంచి కనిపిస్తుంది కదండీ" అన్నాను.

"నడిచి వచ్చేవాడి కథ ఎవడు వింటాడు సుందరీ?"

ఆ మాట నిజమే. ఫిలింనగర్‌లో నడిచేవాళ్ళు ముగ్గురే: వేషాల కోసం తిరిగేవాళ్ళు, పెద్దవాళ్ళ కుక్కల్ని తిప్పేవాళ్ళు, నేను.

ఇంట్లో ఇప్పటికే ఒక కారు ఉంది. తెల్ల ఆల్టో. నలభై దాటాక డ్రైవింగు స్కూలుకు వెళ్ళి మరీ నడపడం నేర్చుకున్నాను కాబట్టి అది నాదనుకుంటూ ఉంటాను. శుక్రవారం మా సందులోనే ఉండే శకుంతలమ్మగారినీ శేషారత్నాన్నీ ఎక్కించుకుని అందులోనే పెద్దమ్మ గుడికి వెళ్తాను. దాన్నేం చేస్తారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

నాకు కోపం లేదు.

జూలై 4, శుక్రవారం

అసలు సంగతి మా అమ్మాయి ప్రణవి చెప్పింది.

"హీరో చిన్మయ్ ప్రతి నెలా ట్రాక్ డేకి వెళ్తాడు అమ్మా. డబ్బు కడితే ఎవరి కారు వాళ్ళు తీసుకెళ్ళి రేసు ట్రాకు మీద తిప్పుకోవచ్చు. నాన్న అక్కడ ఆయన్ని పట్టుకుని కథ చెప్పేద్దామని ప్లాన్."

"ఆఫీసుకెళ్ళి చెప్పొచ్చుగా?"

"ఆఫీసులో మేనేజర్ ఉంటాడు. మేనేజర్‌కి కథ చెప్పాలంటే ముందు మేనేజర్ బామ్మర్దికి చెప్పాలి. నాన్న ఆ బామ్మర్దికి మూడేళ్ళుగా చెప్తూనే ఉన్నారు."

మా వారు కో-డైరెక్టరు. ఎన్ని సినిమాలకు పనిచేశారో నాకు లెక్క తప్పింది. ఆయన దగ్గర క్లాప్ కొట్టిన పిల్లలు డైరెక్టర్లయి, రోడ్డు మీద అద్దం కిందికి దించి "ప్రభాకర్ గారూ, ఏంటి విశేషాలు?" అని అడిగి అద్దం ఎక్కించుకుంటారు. ఆయన మాత్రం ఒక్క కథ పట్టుకుని కూర్చున్నారు. అంబులెన్సు డ్రైవరు కథ. ఎవరెవరి ప్రాణాలో కాపాడతాడు. ఒక రోజు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, ఇంట్లో తల్లికి గుండెపోటు వస్తుంది. కొడుకు బండి వస్తుందని ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎదురు చూస్తుంది. వాడు బండి తిప్పడు.

హీరోకి కార్లంటే పిచ్చి. కథలో హీరో బండి నడుపుతాడు. ఇంతకంటే ఏం కావాలని ఆయన అంటున్నారు.

కథ నాకు కంఠతా వచ్చు. చెప్పినప్పుడల్లా నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాను, అందుకని కళ్ళు మండుతాయి.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. నాకు ఉపవాసం, ఆయనకి యూట్యూబు. పారాయణం చేసినంతసేపూ ఎవరో కుర్రవాడి గొంతు వినిపిస్తూనే ఉంది: బరువు తక్కువ ఉండాలి, గేర్లు చేత్తో వెయ్యాలి, విడిభాగాలు దొరకాలి, బ్రేకులు ముందు బాగుచేయించాలి. సహస్రనామం మధ్యలో "సస్పెన్షన్" అని నా నోట వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చదివాను.

జూలై 13, ఆదివారం

టోలిచౌకిలో జహంగీర్ భాయ్ షెడ్డుకి వెళ్ళాం. షూటింగులకి పాత కార్లు సరఫరా చేస్తాడు, రిపేర్లూ చేస్తాడు. సినిమా వాళ్ళతో తిరిగి తిరిగి అతనికీ డైలాగు అలవాటయింది. మూడు కార్లు చూపించాడు.

మొదటిది నల్ల పోలో. నవనవలాడుతోంది. మా వారు బానెట్ మీద చెయ్యి వేశారు.

"గది వద్దు సార్. ముంగటంత కొత్త రంగు. పాత ఓనర్ ఏడ్నో గుద్దిండు, ఇప్పుడు నాకు అమ్మమని ఇచ్చి అమాయకుని లెక్క తిరుగుతుండు."

రెండోది పసుపు స్విఫ్ట్. వెనక విమానం రెక్కలాంటిది బిగించి, తలుపుల మీద మంటలు అంటించారు. తాళం తిప్పగానే పాటల పెట్టె మోగి షెడ్డు రేకులు అదిరాయి. ఆయన కళ్ళు మెరిశాయి. మొదటి సినిమాకి క్లాప్ కొట్టిన రోజు ఫొటోలో ఉన్నాయి అలాంటి కళ్ళు.

"సార్, గా రెక్క కిలోల బరువుంటది. ఇంజన్‌కు ఇసుమంత పనికిరాదు. పెండ్లి బరాత్‌కు తీస్కపోండ్రి, ట్రాక్‌కు కాదు."

మూడోది ఎర్ర సిటీ కారు. నాలుగు తలుపులు, ఏ మంటలూ లేవు, ఎవరో బ్యాంకు ఉద్యోగి జాగ్రత్తగా వాడుకుని రిటైరయినట్టు ఉంది. మా వారు దాని వైపు చూడను కూడా లేదు.

"వీటెక్ ఇంజన్ అమ్మా" అన్నాడు జహంగీర్ భాయ్ నాతో, ఆయన వినడం లేదని. "నిమ్మలంగ పోతే ఆవు లెక్క ఉంటది. జర గట్టిగ తొక్కితే పాట పాడుతది. బ్రేకులు, టైర్లు, షాకబ్జార్బర్లు మార్పిద్దాం. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన పసుపు కారుకే ఓటు వేశారు. అడ్వాన్సు తీయబోతూ నంబరు ప్లేటు మీది అంకెలు కూడి చూసుకున్నారు. ఎనిమిది. శని. చెయ్యి జేబులోనే ఉండిపోయింది. అప్పుడు వెళ్ళి ఎర్ర కారు నంబరు కూడారు. అయిదు. చిన్మయ్ బాబు కార్లన్నిటికీ అయిదేనట.

"ఇదే! చూడగానే అనుకున్నాను" అన్నారు.

జహంగీర్ భాయ్ నా వైపు చూశాడు. నేను పైటకొంగు సర్దుకున్నాను.

జూలై 14, సోమవారం

ఆషాఢంలో కారు కొనకూడదన్నాను. సరేనన్నారు. అడ్వాన్సు మాత్రం నిన్ననే ఇచ్చేశారట. అడ్వాన్సుకి ఆషాఢం లేదట.

జూలై 25, శుక్రవారం

శ్రావణం వచ్చింది. ఆల్టో వెళ్ళిపోయింది. ఇచ్చేముందు చూస్తే వెనక సీటు కింద శేషారత్నం కళ్ళజోడు డబ్బా దొరికింది.

నాకేం బాధ లేదు. కారు ఇనుమే కదా.

జూలై 26, శనివారం

ఆల్టో చిన్న హారను మోతకి మా సందులో పిల్లి కూడా లేచేది కాదు. ఆ హారనంటే నాకు ఇష్టం.

జూలై 31, గురువారం

కొత్త కారు నా పేరు మీద రాయించారు. యూసుఫ్‌గూడ సిద్ధాంతిగారు ఆయన జాతకంలో వాహన యోగం భార్య ద్వారా అన్నారట. ఈ సంగతి కొన్నాక తెలిసింది కాబట్టి సరిపోయింది, ముందే తెలిస్తే ఏ కారు కొనాలో కూడా నన్నే అడగాల్సి వచ్చేదేమో. ఆర్సీ కార్డు మీద త్రిపురసుందరి అని అచ్చయి వచ్చింది. దేవుడి గూట్లో అమ్మవారి పటం పక్కన పెట్టాను. ఎప్పుడన్నా తీసి చూస్తాను. అచ్చు సరిగా పడిందో లేదో అని.

కారు ఇంకా జహంగీర్ భాయ్ దగ్గరే ఉంది. దీన్ని ప్రాజెక్టు కారు అనాలట. మా ఇంట్లో ప్రాజెక్టు అన్నదేదీ ఇంతవరకు పూర్తి కాలేదని నేను అనలేదు. ప్రణవి అంది.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం రోజునే కారు ఇంటికి వచ్చింది. తాంబూలానికి పిలిచినవాళ్ళందరూ వ్రతం చూసి కారు చూశారు. నిజం చెప్పాలంటే కారే ఎక్కువసేపు చూశారు. పసుపు బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీశాను. ఆయన కొత్త చొక్కా తొడుక్కుని, చలువద్దాలు పెట్టుకుని, నిమ్మకాయలు తొక్కించి, సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

దిగలేకపోయారు.

సీటు నేలకి దగ్గరగా ఉంటుంది. ఆయన నడుము పట్టేసింది. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి శేషారత్నం పట్టుకుని లాగాం. శకుంతలమ్మగారు ఎదురుగా నిలబడి తాంబూలం పళ్ళెంతో సహా ప్రోత్సహించారు.

"ప్రభాకర్ గారూ, ముందు కుడి కాలు! కుడి కాలు మంచిదండీ!"

చలువద్దాలు మాత్రం ఊడలేదు.

ఆగస్టు 11, సోమవారం

ఆఫీసు వాచ్‌మన్ ఈ రోజు సెల్యూట్ కొట్టాడట. కారుకి కొట్టాడో తనకి కొట్టాడో తెలుసుకోవాలని ఆయన మధ్యాహ్నం టీకి నడిచి వెళ్ళి, మళ్ళీ గేటు దాటి చూశారట. ఫలితం చెప్పలేదు.

సాయంత్రం నడుముకి వేడినీళ్ళ కాపడం.

ఆగస్టు 12, మంగళవారం

"నువ్వు దింపుతావా?" అన్నారు.

గేటుకి కొంచెం ఇవతలే ఆపమన్నారు. దిగి, చొక్కా సర్దుకుని, కారు తనదేనన్నట్టు బానెట్ మీద ఒకసారి తట్టి వెళ్ళారు. నేను తల దించుకుని కూర్చున్నాను. డ్రైవరు అనుకుని ఉంటారు.

ఆగస్టు 14, గురువారం

ఆయన్ని దింపాక ఖాళీ రోడ్డు కనిపిస్తే కొంచెం గట్టిగా తొక్కాను. క్లచ్ సరిగా ఉందో లేదో చూడాలి కదా.

జహంగీర్ భాయ్ అబద్ధం చెప్పలేదు. పాడుతుంది.

ఆగస్టు 18, సోమవారం

క్లచ్ మళ్ళీ చూశాను.

ఆగస్టు 22, శుక్రవారం

గుడికి చుట్టుదారిలో వెళ్ళాం. ఆ దారిలో కొండ దిగుతూ మలుపులు ఎక్కువ. పూలు చవక అని ఆ దారిన వెళ్ళాను.

ముందు సీట్లో శకుంతలమ్మగారు. ఆవిడకి డెబ్భై దాటాయి. రెండో మలుపులో "అమ్మా పెద్దమ్మా" అన్నారు. మూడో మలుపులో తలుపు పట్టుకున్నారు. గుడి ముందు ఆగాక కాసేపు దిగలేదు.

"భయమేసిందా పిన్నిగారూ?"

"వెనక్కి కూడా ఈ దారినే వెళ్దాం సుందరీ" అన్నారు.

పూలమ్మే దేవమ్మ మల్లెలు మూర వేస్తూ కారునీ నన్నూ మార్చి మార్చి చూసింది. "అమ్మా, గా ఎర్ర బండి నీదేనా? మొన్న గీడికెల్లి రయ్యిమని పోయింది సూడు, ఎవరో సినిమా పోరడనుకున్న. ఇంత మెల్లగ మాట్లాడేదానివి, గట్ల ఉరికిస్తున్నవేంది?"

"మా వారి కారు" అన్నాను. పూలు అక్కడ అంత చవకేమీ కాదు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. డాష్‌బోర్డు మీదకి ఒక చిన్న మట్టి గణపతి వచ్చాడు. ఆయన కథ ఆ గణపతికి కూడా చెప్పారు. బాగా విన్నాడు. కదల్లేదు.

సెప్టెంబరు 6, శనివారం

ట్రాకుకి పేరు ఇచ్చారు. పద్నాలుగో తేదీ ఆదివారం. చిన్మయ్ బాబు వస్తున్నాడని ఖాయంగా తెలిసిందట.

పంచాంగం చూశాను. మహాలయ పక్షం. పితృదేవతల రోజుల్లో కొత్త పని ఎవరైనా మొదలుపెడతారా అండీ అన్నాను. ట్రాకు వాళ్ళకి పంచాంగం లేదన్నారు. పోనీ కొబ్బరికాయ కొట్టి బయల్దేరదాం అన్నాను.

అది నేనే అన్నాను. రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే తరవాత ఆయన అది తన ఆలోచన అన్నారు, ఆ తరవాత నాది అన్నారు, ఇప్పుడు మళ్ళీ తనదే అంటున్నారు.

పైన రాసిన రెండు మాటలు ఈ రోజువి కావు. పదిహేనో తారీకున చేర్చాను.

సెప్టెంబరు 14, ఆదివారం

శంషాబాద్ దాటాక, పొలాల మధ్య నల్లటి పాములాగా ఉంది ట్రాకు. తెల్లవారుతూనే చేరాం. కారు నేను నడిపాను, ఆయన నడుము ట్రాకు కోసం దాచుకున్నారు.

అందరూ కుర్రవాళ్ళు. పట్టుచీరలో నేను ఒక్కదాన్నే. ఒకమ్మాయి వచ్చి "ఆంటీ, క్యాటరింగ్ అటువైపు" అంది.

ముందు కారు తనిఖీ. బ్రేకులు, టైర్లు, ఇంజను చూసి బావుందన్నారు. లోపల వదులుగా ఏదీ ఉండకూడదని మట్టి గణపతిని తీసి నా చేతిలో పెట్టారు. మా వారికి అద్దె హెల్మెట్టు తొడిగారు. అందులో ఆయన మొహం దిష్టికి పెట్టిన గుమ్మడికాయలా ఉంది. పాపం.

ట్రాకు మీదకి వెళ్ళే దారిలో కార్లన్నీ వరసగా నిలబడ్డాయి. మా ముందే చిన్మయ్ బాబుది, ఆకాశం రంగు విదేశీ కారు. పేరు పలకడం నాకు రాదు. మా వారు హెల్మెట్టుతోనే దిగి, నా సంచిలోంచి కొబ్బరికాయ తీశారు.

జెండా పట్టుకున్న కుర్రవాడు పరిగెత్తుకొచ్చాడు. "సార్, సార్! ఇక్కడేం పగలగొట్టొద్దు!"

సినిమా ప్రారంభం రోజున మొదటి షాట్‌కి కొబ్బరికాయ కొట్టడం ఇన్నేళ్ళూ మా వారి పనే. ఆ చేతికి ఆగమంటే తెలియదు. ఆయన రెండు చేతులా ఎత్తి ఒక్కటే కొట్టారు. సగం చెక్క మా చక్రం దగ్గర పడింది. మిగతా సగం ముక్కలు ముక్కలై ముందు కారు కిందకి ఎగిరింది. అదే క్షణంలో వద్దని జెండా ఊపుతున్న కుర్రవాడిని చూసి, పొమ్మంటున్నాడనుకుని చిన్మయ్ బాబు కారు కదిలించాడు.

ఫట్‌మని చప్పుడు. పెంకు గుచ్చుకుని వెనక టైరు కూర్చుంది.

అంతా అరుపులు. మేనేజరు పరిగెత్తుకొచ్చి "ఎవరండీ ఈ ముసలాయన?" అన్నాడు. హెల్మెట్టు ఉండటం మంచిదయింది, ఎవరో తెలియలేదు. నేను గణపతిని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. ఈయన జీవితమంతా ఎదురుచూసిన మనిషి టైరు ఈయనే కోసేశారు. ఇంతకంటే శుభ్రంగా ఎవరూ చెడగొట్టుకోలేరు అనుకున్నాను.

కానీ చిన్మయ్ బాబు దిగి, కొబ్బరి చెక్క చూసి, నమస్కారం పెట్టాడు.

"పొద్దున నేను కొట్టకుండా వచ్చా. అమ్మ తిడుతూనే ఉంది. లోపలికెళ్ళాక స్పీడ్‌లో టైర్ పోయుంటే? దేవుడే ఆపాడు."

వీళ్ళు సినిమా వాళ్ళు. టైరు పోయినా శకునమే, పోకపోయినా శకునమే.

చిన్మయ్ బాబు కారుకి టైరు మార్చేసరికి చాలాసేపు పడుతుందన్నారు. ఈలోగా మా వారు ట్రాకు మీద ఒక్క చుట్టు తిరిగి వచ్చారు. తెల్లగా పాలిపోయి, కిటికీలోంచి చెయ్యి బయటకి చాపారు. లాగాను. గోడ పక్కన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. చిన్మయ్ బాబు అడుగు దూరంలో ఖాళీగా ఉన్నాడు. "చెప్పండి, ఇప్పుడు చెప్పండి" అని మోచేత్తో పొడిచాను. నోరు తెరిచారు. మజ్జిగే వచ్చింది.

"ఆంటీ, ఇది ఫస్ట్ టైప్ వీటెక్ కదా? ఒక్క రౌండ్ వేసుకోనా?" అన్నాడు చిన్మయ్ బాబు.

ఒక్క రౌండ్ అన్నవాడు ఎన్ని వేశాడో. దూరంగా మలుపులో దాని పాట వినిపిస్తూనే ఉంది. నాకెందుకో చూడబుద్ధి కాలేదు. గణపతి మొహం తుడుస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చి, మొహమంతా నవ్వుతో, "నాకీ కారు కావాలి ఆంటీ. నేర్చుకున్న రోజుల్లో నాన్నకి ఇలాంటిదే ఉండేది" అన్నాడు.

మా వారికి అప్పుడు మాట వచ్చింది. "మీదే అనుకోండి బాబూ!"

సెప్టెంబరు 15, సోమవారం

ఆయన నడుము మీద పట్టీ. మొహం మీద మాత్రం సంక్రాంతి.

సెప్టెంబరు 17, బుధవారం

మేనేజరు ఫోను చేశాడు. ఇప్పుడు ఈయన ముసలాయన కాదు, ప్రభాకర్ గారు. బాబు ఇరవై అయిదున జిమ్ముకీ డబ్బింగుకీ మధ్య కథ వింటారట. కారులోనే. బండి కాగితాలు కూడా అప్పుడే తెచ్చుకోమన్నాడు. రేటు మీరు చెప్పిందే అన్నాడు.

ఇల్లంతా తిరిగి ఆయన గోడలకి కథ చెప్తున్నారు.

"సంతకం నువ్వే పెట్టాలి సుందరీ."

"పెడతాను" అన్నాను. పెట్టకేం చేస్తాను? ఇన్నేళ్ళ కోరిక. కారు ఇనుమే కదా.

సెప్టెంబరు 19, శుక్రవారం

శకుంతలమ్మగారితో చెప్పాను. ఆవిడ సీటు మీద చెయ్యి ఆనించి, "ఏ హీరో అమ్మా? వాడికి పది కార్లుండి ఉంటాయి కదా?" అన్నారు.

"కథ వింటానన్నాడు పిన్నిగారూ."

"వినడానికి కారు ఎందుకు, చెవులుంటే చాలదూ?"

నేను తాళం తిప్పాను. శేషారత్నం కళ్ళజోడు డబ్బా వెతుక్కుంది.

సెప్టెంబరు 23, మంగళవారం

కారు లోపలా బయటా కడిగాను. ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలి. తరవాత మళ్ళీ కడిగాను.

సెప్టెంబరు 25, గురువారం

అమ్మవారికి అల్లం గారెలు నైవేద్యం పెట్టి, దేవుడి గూట్లోంచి ఆర్సీ కార్డు తీసి హ్యాండుబ్యాగులో వేసుకుని ఆయనతో బయల్దేరాను.

జూబ్లీహిల్స్‌లో జిమ్ము కింద చిన్మయ్ బాబు ఎక్కాడు. స్టీరింగు అతనిది, పక్కన మా వారు, వెనక నేనూ మేనేజరూ. మేనేజరు ఫోనులోంచి తల ఎత్తలేదు.

మా వారు కథ మొదలుపెట్టారు.

బాగా చెప్పారు. నేను ఊరికే రాయడం లేదు, అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. మొదటి ప్రమాదం, సైరను, వానలో బండి, డ్రైవరు తల్లి కట్టిచ్చిన పెరుగన్నం డబ్బా. చిన్మయ్ బాబు "సూపర్ అంకుల్" అన్నాడు. తరవాత తెలిసింది, గేరు పడిన తీరుకి అన్నాడు.

పార్కు పక్కన రోడ్డు ఖాళీగా దొరికేసరికి కథ తల్లి దగ్గరికి వచ్చింది. ఆవిడ గుమ్మంలో కూర్చుంది. దూరంగా సైరను వినిపించింది. కొడుకు వస్తున్నాడని కొంగు భుజం మీదకి లాక్కుంది. బండి సందు మొదట్లోకి వచ్చింది, ఆగలేదు, వెళ్ళిపోయింది. మా వారి గొంతు సన్నబడింది. ఆ మాటలు ఆయన ఎప్పుడూ గుసగుసగానే చెప్తారు.

అప్పుడే తొక్కాడు చిన్మయ్ బాబు. ఇంజను ఎత్తుకుంది. మా వారి పెదవులు కదులుతున్నాయి, ఒక్క మాట వినపడదు. తల్లి ఎప్పుడు పోయిందో ఆ కారులో ఎవరికీ తెలియదు.

"వాట్ ఎ సౌండ్!" అన్నాడు చిన్మయ్ బాబు.

నా దగ్గర ఉల్లిపాయలు లేవు.

డబ్బింగు స్టూడియో ముందు ఆపి, "బాగుంది అంకుల్, చేద్దాం. దసరా అయిపోనీండి. ఒక్కటే, ఆ హీరో చెల్లెలి క్యారెక్టర్ ఉంది చూశారా, అది ఇంకొంచెం పెంచండి" అన్నాడు.

కథలో చెల్లెలు లేదు.

మా వారు నోట్ చేసుకున్నట్టు తల ఊపారు. అది నేను చూశాను. క్లాప్ కొట్టిన పిల్లలు అద్దాలు ఎక్కించుకున్నప్పుడు కూడా ఆయన ఇలాగే తల ఊపుతారు.

"ఆంటీ, కాగితాలు?" అని చెయ్యి చాపాడు చిన్మయ్ బాబు.

హ్యాండుబ్యాగు నా ఒళ్ళో ఉంది. జిప్పు మీద చెయ్యి కూడా వేశాను.

"ఆర్సీ ఇంట్లో మర్చిపోయాను బాబూ" అన్నాను.

మేనేజరు ఫోనులోంచి తల ఎత్తాడు. "మేడమ్, మీరు సంతకం పెట్టి ఉంచితే మేం రేపు మనిషిని పంపుతాం."

"నవరాత్రులు కదా నాయనా. అమ్మవారి పక్కన పెట్టింది ఇప్పుడు కదపకూడదు."

శకునం మాట వినగానే చిన్మయ్ బాబు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అవునవును, వద్దొద్దు. దసరా తరవాత పంపండి ఆంటీ."

"దసరా తరవాత సినిమా చేద్దామని మీరే అన్నారు కదా బాబూ. మరి డైరెక్టరుగారు షూటింగుకి రోజూ దేంట్లో వెళ్తారు?"

మెల్లగానే అన్నాను. నా గొంతు ఎప్పుడూ మెల్లగానే ఉంటుంది. చిన్మయ్ బాబు నవ్వబోయి, నేను నవ్వకపోవడం చూసి, మా వారి వైపు చూసి, అద్దంలో జుట్టు సర్దుకున్నాడు. "ఓకే ఆంటీ... మేనేజర్ టచ్‌లో ఉంటాడు" అని దిగిపోయాడు. మేనేజరు తలుపు గట్టిగా వేశాడు. టచ్ అదే అయి ఉంటుంది.

నేను ముందుకు వచ్చి కూర్చున్నాను. సీటు సర్దుకున్నాను, అద్దం సర్దుకున్నాను. నవరాత్రుల్లో అమ్మవారి పేరు చెప్పి అబద్ధం ఆడాను. సాయంత్రం లలితా సహస్రనామం మూడుసార్లు చదవాలి.

చెక్‌పోస్టు దాటాం. అప్పుడు ఆయన అన్నారు:

"చెల్లెల్ని పెడితే ఎలా ఉంటుందంటావ్?"

"వద్దండి. అమ్మ చాలు."

ఇన్నేళ్ళలో ఆయన కథ మీద నేను ఒక మాట అనడం ఇదే. ఆయన ఆలోచించారు.

"ఊఁ" అన్నారు. కిటికీలోంచి బయటకి చూస్తూ, "పొద్దున గూట్లోంచి కార్డు తీసి బ్యాగులో వేసుకోవడం చూశాన్లే" అన్నారు.

నేను పైటకొంగు సర్దుకున్నాను. సిగ్నలు పచ్చబడింది.

"ఇంటికి చుట్టుదారిలో పోనీ" అన్నారు. "వాడు ఆ సీను విననే లేదు."

మళ్ళీ మొదలుపెట్టారు, వానలో బండి దగ్గర నుంచి. కొండ మలుపులు వచ్చాయి. ఏ మలుపులో ఏ గేరు వేస్తే ఇంజను పాడుతుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు. తల్లి గుమ్మంలోకి వచ్చి కూర్చునేసరికి పై గేరు వేసి, పాదం తేలిక చేసి, చప్పుడు లేకుండా పోనిచ్చాను.